సప్పుడొస్తుంది, మాట వస్తలేదు

రిటైర్మెంటు అన్న మాట నా వయసుకు అతకదు. ఇంకో మాట దొరకక దాన్నే వాడుతున్నాను. సిద్దిపేట బస్టాండు వెనక సందులో ఉన్న స్టీరియో షాపులో, ఇంటర్మీడియెట్ అయిన ఏడు చేరాను. ఇప్పుడు ఆ షాపులో కలర్ టీవీలు, కేబుల్ వైర్ల చుట్టలు నిండాయి. ఆంప్లిఫయర్లు కట్టే బల్లను తీసి పక్కన పెట్టారు. దానితోపాటు నేనూ లేచి వచ్చేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఎవరికంటే ముందు చేరారు లాంటివి రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. నాకు మాట్లాడటం సరిగా రాదు. ఎదుటి మనిషి ముఖం చూసి రెండు వాక్యాలు వరుసగా చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ కష్టం. తల దించుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేదాన్ని. రోజూ పడుకునే ముందు నాలుగు ముక్కలు రాసుకునే అలవాటు మాత్రం ఉంది. అందుకే రాయడం కొంచెం నయం.

బల్ల దగ్గర

షాపు జహీర్ సాబ్‌ది. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆంప్లిఫయర్లు ఆయనే స్వయంగా కట్టేవాడు. రేకు డబ్బా గజ్వేల్ రోడ్డు వెల్డింగ్ షాపులో చేయించి, లోపలి సామాను హైదరాబాద్ నుంచి తెచ్చి, ముందు పలకకు మెరిసే గుండీలు బిగించి అమ్మేవాడు. పెద్ద కంపెనీ సెట్టు కొనలేనివాళ్లంతా మా దగ్గరికే వచ్చేవారు.

నన్ను పెట్టుకున్నది కౌంటర్లో క్యాసెట్లు అమ్మడానికి. నెల తిరగకముందే ఉస్తాద్‌కు విసుగొచ్చింది. ఎవరైనా గట్టిగా బేరమాడితే నేను వాళ్లు అడిగిన ధరకే ఇచ్చేసేదాన్ని.

“బేటీ, నీ నోట్లకెళ్లి మాట బయటికి గుంజాలంటె పటకారు గావాలె. నువ్వు గీడ కూసో. ట్రాన్సిస్టర్లు బేరం జెయ్యవు,” అని బల్ల దగ్గర ఒక స్టూలు వేశాడు.

అట్లా పని నేర్చుకున్నాను. సీసం కరిగించి తీగలకు టాకా పెట్టడం, కాలిన భాగాన్ని వాసనతో పట్టుకోవడం, స్పీకరు కాగితానికి పడ్డ చిరుగును పల్చటి బట్టముక్క, జిగురుతో అతికించడం. చేతులకు పని ఉంటే నోటికి పని ఉండక్కర్లేదు. నేను ఆ బల్లను అంత ఇష్టపడటానికి అసలు కారణం అదే. మీరూ అందుకోసమే ఈ పనిలోకి వస్తుంటే, అది చాలదని ముందే చెబుతున్నాను. ఎందుకు చాలదో ఇక్కడ రాస్తాను.

వాట్లు, ఓములు

మొదట పని గురించి. ఇంటికి స్టీరియో కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ ముందు వాట్లే అడుగుతాడు. “ఎన్ని వాట్లది?” మా డబ్బాల మీద అంటించిన కాగితంలో ఉన్న అంకెను నమ్మవద్దు. ఉస్తాద్ మంచి పనివాడు, కానీ ఆ కాగితాల విషయంలో నిజాయితీ లేదు. ఒకే రకం డబ్బాకు ఒకరోజు ఒక అంకె అంటించేవాడు, పక్క వీధిలో ఇంకో షాపు పెట్టినరోజు దానికంటే పెద్దది అంటించాడు. “లోపల అదే మిషన్ గద ఉస్తాద్,” అని నేను గొణిగితే, “మిషన్ అదే. పోటీ వేరే,” అన్నాడు.

చూడవలసింది స్పీకరు వెనక. అక్కడ ఎనిమిది ఓములు అని ఉంటే అది ఓర్పు ఉన్న స్పీకరు. మామూలు ఆంప్లిఫయర్ ఇచ్చినదాంతో సర్దుకుంటుంది. నాలుగు అని ఉంటే, అదే గుండీ అంతే తిప్పినా, దానికి రెండింతల కరెంటు కావాలి. మా భాషలో అది “గుంజే స్పీకరు”. చవక డబ్బాలోని ట్రాన్స్‌ఫార్మర్ దానికి ఇవ్వలేదు. ఇవ్వలేక వేడెక్కుతుంది. అప్పుడు వాల్యూము పెంచితే శబ్దం పెరగదు, చిరుగుతుంది. ఆ చిరిగిన శబ్దం మొదట కాల్చేది స్పీకరు డబ్బా పైభాగంలో ఉండే చిన్న స్పీకరును, ట్వీటర్‌ను.

చిన్న ఆంప్లిఫయర్ పెద్ద స్పీకర్లను ఏమీ చెయ్యలేదని అందరూ అనుకుంటారు. నిజానికి శక్తి చాలని ఆంప్లిఫయరే ఎక్కువ స్పీకర్లను కాల్చింది. నేను చూసినవి చాలావరకు అట్లాగే కాలాయి.

హుస్నాబాద్ నుంచి ఒక పత్తి వ్యాపారి వచ్చేవాడు. ఇంట్లో పెళ్లి అని మా డబ్బా ఒక్కదానికి ఎక్కడెక్కడివో స్పీకర్లన్నీ కట్టాడు. పొగ వచ్చాక డబ్బాను గోనెసంచిలో చుట్టుకుని వచ్చి లొల్లి పెట్టాడు. ఉస్తాద్ మూత తీసి చూసి, “సేటూ, ఒక్క ఎద్దుకు ఊరి బండ్లన్ని గట్టినవ్. అది సచ్చిపోయిందని నన్ను తిడ్తున్నవ్,” అన్నాడు. వ్యాపారి తిట్టుకుంటూనే నవ్వాడు. ఉస్తాద్‌కు మనుషులను నవ్వించడం వచ్చు. ఆ కళ లేనివాళ్లు కౌంటర్ దగ్గర నిలబడవద్దు.

అంబదాసు తెచ్చిన స్పీకర్లు

ఒకరోజు మధ్యాహ్నం రిక్షాలో రెండు పెద్ద స్పీకరు డబ్బాలు వచ్చాయి. నా నడుం ఎత్తున్నాయి. తేకు చెక్క, ముందు నల్ల జాలీ. వాటిని పట్టుకుని దిగిన మనిషి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. పేరు అంబదాసు. పద్మశాలి. పెళ్లయిన కొత్తలోనే బొంబాయి పక్కన భీమండి పోయి పవర్‌లూములు నడిపాడు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉండి, ఏడాదికోసారి ఇంటికి వచ్చి పోయేవాడు. ఈసారి తిరిగి పోకుండా వచ్చేశాడు.

“బొంబాయిల ఒక సేటు ఇల్లు ఖాళీ జేస్తుంటె కొన్న ఉస్తాద్. లారీల ఏసుకొని తెచ్చిన. వీటికి తగ్గ మిషన్ గావాలె,” అన్నాడు.

ఉస్తాద్ జాలీ తీసి లోపలికి తొంగి చూశాడు. “అరె భాయ్! సిద్దిపేటల గిసొంటియి నేను సూడలే. ఏం ఇంటవ్ వీట్ల?”

“ఒగ్గు కథ. క్యాసెట్లున్నయి.”

“ఒగ్గు కథకు గింత పెద్ద డబ్బలా?”

అంబదాసు కొంచెం సిగ్గుపడ్డాడు. అప్పుడు చెప్పాడు. భీమండిలో ఒక్క గదిలో చాలామంది మగవాళ్లు ఉండేవారట. షిఫ్టు పాళీ మారినప్పుడల్లా ఒకరు లేచిన చాప మీద ఇంకొకరు పడుకునేవారట. అప్పటినుంచీ ఆయనకు ఒకటే కోరిక. ఇంటికి వచ్చాక భార్య, బిడ్డ, తను ముగ్గురూ ఒక్కచోట కూర్చుని కథ మొదటినుంచీ చివరిదాకా వినాలి. “పైసలు పంపిచ్చిన గని, వాళ్లతోని కూసున్నది లేదు ఉస్తాద్. కూసోవాలె,” అన్నాడు.

నేను స్పీకరు వెనక చూశాను. నాలుగు ఓములు. పైగా అవి కరెంటు ఎంత తీసుకున్నా శబ్దం పిసినారిగా ఇచ్చే రకం. మా డబ్బాకు వాటితో పొసగదు. తల దించుకునే అన్నాను, “కాకా, గివి గుంజే స్పీకర్లు. జెర చిన్నగ పెట్టుకోవాలె.”

ఆయన నా వైపు చూడలేదు. ఉస్తాద్‌నే చూస్తూ, “గట్టిగ రావాలె ఉస్తాద్,” అన్నాడు.

ఆడపిల్ల మాట లెక్కపెట్టని మనిషి అనుకున్నాను. అట్లాంటివాళ్లను చాలామందిని చూశాను కాబట్టి బాధ పడలేదు. అంటే, పెద్దగా పడలేదు.

పది రోజులకు ఆయన మా డబ్బాను, స్పీకర్లను రిక్షాలో వేసుకుని మళ్లీ వచ్చాడు. ఫిర్యాదు ఒక్కటే.

“సప్పుడొస్తుంది ఉస్తాద్. మాట వస్తలేదు.”

మా షాపులో ఆ మాటకు ఒక అర్థం ఉంది. “మాట రావడం” అంటే స్పష్టత. పాటలో వాయిద్యాల మధ్యనుంచి గొంతు విడిగా వినిపిస్తే “మాట మంచిగొస్తుంది” అంటాం. మాట రావడం లేదంటే ట్వీటర్ పోయిందన్నమాట. మేమిద్దరం అట్లాగే అర్థం చేసుకున్నాం. ఇంకో అర్థం ఉండొచ్చని తోచలేదు. జాలీ తీస్తే నిజంగానే ట్వీటర్లు కాలి ఉన్నాయి. కొత్తవి వేశాం. ట్రాన్సిస్టర్లకు వేడి లాగే పెద్ద అల్యూమినియం రెక్కలు బిగించాం.

మళ్లీ వచ్చాడు. “డోలు మంచిగ ఇనవడ్తుంది. కథ ఇనవడ్తలేదు.” ట్వీటర్లు మళ్లీ కాలాయి. ఈసారి ఉస్తాద్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చాడు. దాని బరువుకు డబ్బా అడుగు రేకు వంగింది. వెనక చిన్న ఫ్యాను కూడా పెట్టాడు. షాపులో పెట్టి వినిపిస్తే ప్రతి అక్షరం ముత్యంలా వచ్చింది. “ఎట్లుంది?” అని ఉస్తాద్ అడిగితే అంబదాసు ఆయన ముఖం చూసి, “మంచిగున్నది,” అన్నాడు. నేను అడిగినదానికి మాత్రం ఎప్పుడూ జవాబు లేదు.

మూడోసారి రాగానే ఉస్తాద్‌కు కోపం వచ్చింది. ఆయనకు కోపం వస్తే గొంతు తగ్గేది. “నా చేతి మిషన్‌ల మాట వస్తలేదని బజార్ల చెప్తుండు. బేటీ, నువ్వు వాళ్లింటికి పో. జాగనే ఖరాబుందో, కరెంటే తక్కువొస్తుందో సూడు. గిప్పుడు గూడ కాకపోతె ఆ డబ్బలు తీస్కపోయి ఎవనికన్న అమ్ముకొమ్మను. నాతోని కాదు.”

ఇళ్లలో ఆడవాళ్లు ఉంటారని ఇట్లాంటి పనులకు నన్ను పంపేవాడు. తెలియని ఇంట్లోకి వెళ్లి, తెలియని మనుషుల మధ్య నిలబడి, ఏదో ఒకటి మాట్లాడాలి. దారి పొడుగునా అనవలసిన మొదటి వాక్యాన్ని లోలోపల అప్పజెప్పుకుంటూ నడిచేదాన్ని.

వాళ్ల ఇంట్లో

ఇల్లు చిన్నది. ముందు గదిలో పాత గుంట మగ్గం ఉంది, దానిమీద బట్టలు ఆరేశారు. స్పీకర్లు రెండూ ఎదుటి గోడకు ఆనించి ఉన్నాయి. వాటి ముందు ఒక కుర్చీ, నేలమీద చాప. కుర్చీలో అంబదాసు. చాప మీద ఎవరూ లేరు.

పదో తరగతి చదివే కూతురు సరోజ గుమ్మం బయట అరుగు మీద కూర్చుని చొక్కాకు గుండీలు కుడుతోంది. నన్ను చూసి, “డబ్బ బాగుజేసే అక్కవా? దేవుని లెక్క వచ్చినవ్. బాపు కథ వెట్టిండంటె మేం బయటికి ఉర్కుడే. పక్కింటి మేకలు గూడ ఉర్కుతయి,” అంది.

“మీరు కూసోరా ఆయనతోని?”

“ఎట్ల కూసుంటమక్కా? చెవులు పలుగుతయి. కూసుంటలేరని ఆయన గుస్స.”

వంటింట్లోనుంచి భార్య మల్లవ్వ గొంతు వచ్చింది. మనిషి కనిపించలేదు. “అడుగు బిడ్డా, నువ్వన్న అడుగు. నేను పిలిస్తె పలుకడు. మొదటి దినం సంది గంతే. భీమండి పోయినోళ్లు మనిషే అస్తరు గని మనసు ఆడనే ఇడిసిపెట్టి అస్తరు.” ఆమె ఆ మాట గట్టిగానే అంది. గదిలో ఉన్న భర్త వినాలనే అంది. ఆయన తల తిప్పలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆలుమగల మధ్య ఇట్లాంటిది వినడం నాకు అలవాటు లేదు.

కరెంటు కొలిచాను, సరిగానే ఉంది. వైర్లు చూశాను, బాగానే ఉన్నాయి. సన్న శబ్దాలను పెంచే ట్రెబుల్ గుండీ చివరిదాకా తిప్పి ఉంది. ఆయన క్యాసెట్ పెట్టి వాల్యూము తిప్పాడు. డోలు మోతకు గూట్లోని గ్లాసులు కదిలాయి. నా మాట నాకే వినబడటం లేదు.

అప్పుడు సరోజ లోపలికి వచ్చి ఆయన ముందు నిలబడి ఏదో అంది. ఆమె పెదవులు కదలడం మాత్రమే నాకు కనిపించింది.

“మగ్గం మీద ఉంది సూడు,” అన్నాడు అంబదాసు, ఏమీ జరగనట్టు. సరోజ వెళ్లి మగ్గం మీది బట్టల కిందనుంచి కత్తెర తీసుకుంది.

నేను డబ్బా ఆపేశాను. “ఏం అడిగినవ్ సరోజా?”

“కత్తెర ఏడుందన్న.”

“గా మోతల బాపుకు ఎట్ల ఇనవడ్డది?”

సరోజ భుజాలు ఎగరేసింది. “బాపుకు ఇనవడ్తది. మాకే ఇనవడది.”

నేను స్పీకర్ల పక్కన, వైర్ల మధ్య కూర్చుండిపోయాను. బల్ల దగ్గర పని చేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఎక్కడ తెగిందో తెలియనప్పుడు ఒక్కొక్క భాగాన్నీ విడిగా పరీక్షిస్తాం. ఆయన కుర్చీ వెనక్కి పోయి, మామూలు గొంతుతో, “కాకా” అన్నాను. మళ్లీ కొంచెం గట్టిగా అన్నాను. సరోజ నా వైపు చూసింది, ఆయన చూడలేదు.

ఆయన ముందుకు వచ్చాను. ఇక చెయ్యవలసినది తెలుసు. దానికే భయం వేసింది. నోటి ముందునుంచి చెయ్యి తీశాను. తల ఎత్తి ఆయన ముఖంలోకి చూశాను. గొంతు లేకుండా, ఉత్త పెదవులతో, “కాకా, మంచినీళ్లు గావాలె,” అన్నాను.

“సరోజా, అక్కకు మంచినీళ్లు తే,” అన్నాడు ఆయన. వెంటనే నన్ను కొత్తగా చూశాడు. “అరె, నువ్వు మాట్లాడుతవా బిడ్డా? నేను మూగపిల్లనుకున్న ఇన్ని దినాలు. ఉస్తాద్ మంచోడు, మూగపిల్లకు పని ఇచ్చిండు అనుకున్న.”

సరోజ కిసుక్కున నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగింది. నేను శబ్దం లేకుండా అడిగానని ఆమెకూ అప్పుడే తట్టింది.

లూము షెడ్లలో మనుషులు ఎట్లా మాట్లాడుకుంటారో నాకు తర్వాత తెలిసింది. అక్కడ పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందరూ పెదవులు, చేతులు చూసి మాట్లాడుకుంటారు. కొత్తగా చేరినవాడికి కొన్ని నెలల్లోనే అది వచ్చేస్తుందట. చెవులు ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మాటలు ఎక్కడా ఆగవు. అంబదాసు మాతో మాట్లాడిందంతా కళ్లతోనే. ఉస్తాద్ ముఖం ఎత్తి, మీసాలు తిప్పుతూ మాట్లాడే మనిషి, అందుకే ఆయన మాట అందింది. నేను తల దించుకునే మనిషిని. క్యాసెట్‌కు పెదవులు లేవు.

చెప్పాలి. ఇంకెవరూ లేరు చెప్పడానికి.

“కాకా,” అన్నాను, ముఖం ఎత్తే ఉంచి. “డబ్బ మంచిగనే ఉన్నది. ట్వీటర్లు గూడ మంచిగున్నయి. నేను ఇందాక నీళ్లు అడిగినప్పుడు గొంతు లేకుండ అడిగిన. ఉత్త పెదవులే. మీరు ఇన్నరు.”

“ఏమంటున్నవ్?”

“వెనుకకెళ్లి పిలిస్తె మీరు ఇనలే.”

ఆయనకు కోపం వచ్చింది. “లూముల అందరం గట్లనే మాట్లాడుకుంటం. ఆడ ఎవ్వనికి ఇనవడది. గదేమన్న రోగమా?”

“లూము బందైనంక, కాకా?”

“బందైనంక రూముల గూడ గట్లనే...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తన చేతులను చూసుకున్నాడు. వెళ్లిపోదామనిపించింది. అయితే నేను తల దించితే ఆయనకు ఇక ఏ మాటా చేరదు. కదలకుండా నిలబడ్డాను.

మల్లవ్వ ఎప్పుడో వంటింటి గడపలోకి వచ్చి ఉంది. చేతిలో గరిటె. చీర చెంగు తలమీద. ఆ ఇళ్లలో ఆడవాళ్లు భర్తతో ఎదురుగా నిలబడి, ముఖం చూస్తూ మాట్లాడరు. పనిచేసుకుంటూ, గోడకో పొయ్యికో చెప్పినట్టు చెబుతారు. ఆమె అట్లాగే ఇన్ని నెలలుగా చెబుతూ ఉంది.

ఆమె వచ్చి ఆయన ముందు చాప మీద కూర్చుంది. తలమీది చెంగు వెనక్కి నెట్టింది.

“ఇనవడ్తలేదా నీకు?” అంది.

ఆయన ఆమెను చూశాడు. “నువ్వు పిలిసినవా?”

“దినాం పిలుస్తున్న.”

“నాతోని మాట్లాడుతలేవనుకున్న,” అన్నాడు.

ఆమె గరిటె పక్కన పెట్టి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది, కూతురు అక్కడే ఉందని కూడా చూసుకోకుండా. ఆ గదిలో నాకు జాగా లేదనిపించింది. గుంట మగ్గం వైపు తిరిగి దాని చెక్కలను లెక్కపెట్టినట్టు నిలబడ్డాను.

కాసేపటికి అంబదాసే అన్నాడు, “ఇగ పెట్టు బిడ్డా. ఇంటోళ్లకు ఎంత గావాల్నో గంతే పెట్టు.”

ట్రెబుల్ సగానికి తెచ్చాను. వాల్యూము బాగా తగ్గించాను. కుర్చీని స్పీకరు పక్కకు జరిపాను, చెక్క మీద చెయ్యి ఆనించుకునేటట్టు. డోలు అట్లా తెలుస్తుంది. మల్లవ్వ, సరోజ ఆయనకు ఎదురుగా కూర్చున్నారు. క్యాసెట్‌లో కథకుడు ఒక వరుస చెప్పగానే సరోజ దాన్ని ఆయనకు పెదవులతో చెప్పింది. ఒకచోట ఆమె తప్పు చెబితే మల్లవ్వ మోచేత్తో పొడిచింది. “గది కాదే, రాజు అన్న మాట అది. రాణి కాదు.” ఆయన నవ్వాడు.

ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. అంత తక్కువ వాల్యూముకు మా డబ్బా ఆ స్పీకర్లను హాయిగా మొయ్యగలదు. అది మొదటిరోజు నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పిన మాటే.

ఉస్తాద్ అన్నది

షాపుకు వచ్చి చెప్పాను. ఉస్తాద్ టాకా పెడుతూనే విన్నాడు. “నేను ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన,” అన్నాడు. “ఫ్యాన్ పెట్టిన. మనిషి నా ముంగట నిలవడి మాట వస్తలేదన్నడు బేటీ. నేను డబ్బను అడిగిన, వాన్ని అడుగలే.” ఆ తర్వాత ఫ్యాను తీసి తెమ్మంటావా అని అడిగితే, “ఉండనియ్యి. ఎండాకాలం అస్తుంది,” అన్నాడు.

అంబదాసును హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయారని విన్నాను. పోయినది తిరిగి రాదన్నారట. చెవికి పెట్టే మిషన్ ఇస్తే, అది సప్పుడునే పెద్దది చేస్తోందని తీసి పెట్టేశాడట.

మీకు చెప్పాలనుకున్నది ఇది. ఆంప్లిఫయర్‌కూ స్పీకరుకూ పొత్తు కుదర్చడం పుస్తకం చూసి నేర్చుకోవచ్చు. నేనట్లాగే, గ్రంథాలయంలోని పాత ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాను. అయితే ఆ వరుస స్పీకరు దగ్గర ఆగదు. తర్వాత గది ఉంది, గదిలో కూర్చునే మనుషులు ఉన్నారు, వాళ్లలో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలనుకుంటున్నారన్నది ఉంది. అది చూడటానికి ఇంటికి పోవాలి. తల ఎత్తాలి. ట్రాన్సిస్టర్ల మధ్య దాక్కోవచ్చని వచ్చినవాళ్లకు ఇది చేదుగా ఉంటుందని తెలుసు. నాకు ఇప్పటికీ చేదుగానే ఉంటుంది. ఆ రోజు తర్వాత నేను మాటకారిని కాలేదు. ఇంట్లో అన్న, వదిన, పిల్లలు ఉంటారు. వెనక గదిలో నేను, నా పుస్తకాలు. అన్నం తిన్నావా అంటే తిన్నానంటాను. అంతకుమించి ఎవరి ముఖం చూసి మాట్లాడవలసిన అవసరం ఏ రోజూ రాదు.

ఈ పనిలో ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. బాగు చేసింది సరిగా కుదిరితే ఆ మనిషి మళ్లీ రాడు. సగం సగం చేసినవే తిరిగి వస్తాయి, వాటి మనుషులే మనకు తెలిసినవాళ్లవుతారు. అంబదాసు మళ్లీ షాపుకు రాలేదు. డబ్బా కాలలేదు కాబట్టి రావలసిన పని లేదు. మొదట్లో కొన్నాళ్లు రిక్షా చప్పుడైతే తల ఎత్తి చూసేదాన్ని.

కిందటి ఏడు ఒకరోజు ఉదయం, షాపు తాళాలు పట్టుకుని బస్టాండులోంచి అడ్డంగా వస్తున్నాను. కరీంనగర్ బస్సు ఇంజను ఆన్ చేసి పెట్టి ఉంది. కిటికీ దగ్గర అంబదాసు, పక్కన మల్లవ్వ. నన్ను చూసి ఆయన చెయ్యి ఎత్తాడు. చుట్టూ హారన్లు, కండక్టర్ల కేకలు. ఆయన పెదవులు కదిలాయి. షెడ్డులో లూము అవతల ఉన్నవాడికి చెప్పినట్టు, తొందర లేకుండా, చేతులు కూడా కలిపి ఏదో చెప్పాడు. చిన్న మాట కాదు, చాలా పెద్ద మాటే. చెబుతూ ఒకసారి మల్లవ్వ వైపు చూపించి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

నాకు ఒక్క ముక్క కూడా తెలియలేదు. నాకు పెదవులు చదవడం రాదు.

మళ్లీ చెప్పమనడానికి అవకాశం లేదు, బస్సు కదులుతోంది. ముఖం ఎత్తి, ఆయనకు కనిపించేటట్టు, “మంచిగ పోయి రాండ్రి కాకా,” అన్నాను. ఆయనకు అందింది. తల ఊపాడు.

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, షాపుకు వచ్చి షట్టర్ ఎత్తాను.